భక్తి పక్క గడి



కిందటేడు ఏకాదశి జాగరణకు మన గుడి హాల్లో వైకుంఠపాళి పటం పరిచాం. ఒక చిన్నవాడు వచ్చి, "అంకుల్, ఇది చూట్స్ అండ్ ల్యాడర్స్ కదా, పాములెందుకున్నాయి?" అన్నాడు. వాడి తప్పేం లేదు. మన ఆట 1890లకల్లా ఇంగ్లండులో పిల్లల ఆటగా అచ్చయింది. 1943లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ అమెరికాలో అమ్మకానికి పెట్టినప్పుడు పాములు పోయి జారుడుబల్లలు వచ్చాయి. ఆట మిగిలింది, గళ్లలోని పేర్లు పోయాయి.

అసలు సారమంతా ఆ పేర్లలోనే ఉంది. ఉత్తరాదిన దీన్ని జ్ఞాన చౌపడ్ అన్నారు. 18వ శతాబ్దం నాటి పటాలు నేటికీ ఉన్నాయి. జైనులు 84 గళ్లతో గీసుకున్నారు, వైష్ణవులు 72 గళ్లతో. మన పెద్దలు పరమపద సోపాన పటమని పిలిచి, ఏకాదశి రాత్రి నిద్ర రాకుండా గవ్వలు వేసి ఆడేవారు.

ఆ 72 గళ్ల పటాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మొదటి గడి జన్మ. ఆ వరుసలోనే మాయ, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం, కామం. పుట్టగానే చుట్టాలంతా ఎదురొచ్చినట్టు! వైకుంఠం 68వ గడి, పై వరుసకు సరిగ్గా నడుమ. చివరి గడి కాదన్నమాట. పందెం ఎక్కువపడి దాన్ని దాటిపోయినవాడు మూడు గుణాల గళ్లు తొక్కుకుంటూ 72కు చేరితే, అక్కడి తమస్సనే పాము మళ్లీ భూమి మీదికి దింపుతుంది.

54వ గడి భక్తి. అక్కడి నిచ్చెన నేరుగా వైకుంఠానికే. దాని పక్కనే, ఒక్క అడుగు దూరంలో, 55వ గడి అహంకారం. అక్కడ పాము నోట పడితే మూడో గడికి, అంటే క్రోధానికి జారిపోతాం.

ఈ రెండు గళ్ల సంగతి నాకు అనుభవమే. ఎన్నో ఏళ్లుగా ఉత్తర ద్వారానికి పూల అలంకరణ చేస్తున్నాను. కిందటేడు సేవకుల పట్టికలో నా పేరు ఎక్కడో కింద వేశారని, ఆ పట్టిక రాసిన పెద్దాయనను అందరిముందూ నోటికొచ్చినట్టు అన్నాను. స్వామి మెడలో దండ అప్పటికింకా వాడలేదు. ఆ తర్వాత ఆయన, వదినగారు గుడికి రావడమే మానేశారు. పట్టిక ఏం చేశానో నాకే గుర్తులేదు.

మొన్న ఫోన్ చేశాను. "అన్నయ్యా, తప్పు నాది. ఈసారి జాగరణలో మొదటి పందెం మీరే వెయ్యాలి" అన్నాను. కాసేపు ఊరుకుని, "చూద్దాంలే" అన్నారు.

రాత్రి తొమ్మిదింటికి పటం పరుస్తాం. గవ్వలు నేను తెస్తాను. ఆయన కోసం నా ఎదుట ఒక పీట వేసి ఉంచుతాను.