ఏమీ కాలేదు కదా

పోయిన ఏడాది మియాపూర్ దగ్గర మా ఫ్లాటుకి రంగులు వేయిస్తున్నప్పటి సంగతి. గురువారం గృహప్రవేశం. ఆదివారం సాయంత్రానికి హాలు సీలింగు సగమే అయింది. మేస్త్రీది శ్రీకాకుళం వైపు. ఎయిర్‌లెస్ స్ప్రే గన్ తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ట్రిగ్గర్ వదిలాక కూడా గన్ కొసన రంగు చుక్కలు చుక్కలుగా ఉమ్ముతోంది. అతను వేలితో ట్రిగ్గర్‌ని ముందుకి నెట్టి మూస్తున్నాడు. రెండు మూడుసార్లు అలా చేసి, నిచ్చెన దిగి వచ్చాడు.

"స్ప్రింగు సచ్చిపోనాది సార్. ఈ పూటకి ఆపేసి, రేపు కొత్తది ఏసుకుని మొదలెడదుమా?"

నేను మనసులో రోజులు లెక్కేసుకుని, "ఈ సీలింగు ఒక్కటి కానిచ్చేద్దాం అన్నా" అన్నాను. కానిచ్చేశాడు. రెండు గంటలు పట్టింది. ఏమీ కాలేదు.

ఆ "ఏమీ కాలేదు" నన్ను ఇంకా వదల్లేదు.

మామూలు స్ప్రే గన్‌లో రంగుని గాలి మోసుకెళ్తుంది. ఎయిర్‌లెస్‌లో ఆ గాలి ఉండదు. పంపు రంగునే 3000 పి.ఎస్.ఐ. దాకా ఒత్తి, సూదిబెజ్జమంత సందులోంచి బయటికి నెడుతుంది. ఆ వేగానికి రంగు తనంతట తానే తుంపరైపోతుంది. కారు టైరులో ఉండే ఒత్తిడి 30, 35 పి.ఎస్.ఐ. మాత్రమే. ట్రిగ్గర్ నొక్కితే గన్ లోపలి నీడిల్ వెనక్కి జరిగి దారి తెరుచుకుంటుంది. వదలగానే దాన్ని మళ్ళీ సీటు మీదికి తెచ్చి కూర్చోబెట్టేది వెనకున్న స్ప్రింగు. అంటే తెరవడం మనిషి పని, మూయడం స్ప్రింగు పని. మనిషి తూలినా, నిచ్చెన జారినా, చెయ్యి వదిలితే చాలు, ఆగిపోవాలి. ఆగేలా చూడటం తప్ప ఆ స్ప్రింగుకి వేరే పని లేదు.

ఆగకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆ ఒత్తిడిలో వచ్చే రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం రంగు వేలి పొడవునా పాకిపోతుంది. సర్జరీ ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. ఇదంతా తెలియక కానిచ్చేద్దాం అన్నానంటే కొంత నయం. నాకు తెలుసు. స్ప్రే పెయింటింగ్ చేయించాలా వద్దా అని వీడియోలు చూసినప్పుడు ప్రతి వీడియోలోనూ మొదట చెప్పింది ఇదే.

1877లో డబ్ల్యూ. కె. క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త నమ్మకాల నైతికత మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని కథ ఉంటుంది. ఓడ పాతది, రిపేర్లు కావాలని యజమానికి అనుమానం. కానీ ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది, ఇప్పుడూ వస్తుందిలే అని తనకు తానే నచ్చజెప్పుకుని పంపేస్తాడు. ఓడ మునిగిపోతుంది. అతను దోషే, ఇందులో ఎవరికీ సందేహం లేదు. క్లిఫర్డ్ అక్కడ ఆగకుండా, ఆ ఓడ క్షేమంగా తిరిగొచ్చి ఉంటే అంటాడు. అప్పుడూ దోషమే, రవ్వంత కూడా తగ్గదంటాడు. తప్పు జరిగింది ఓడ మునిగినప్పుడు కాదు, పంపినప్పుడు.

దాదాపు వందేళ్ళ తర్వాత, 1976లో, థామస్ నేగెల్, బెర్నార్డ్ విలియమ్స్ ఇదే ప్రశ్నను ఇంకోవైపు నుంచి ఎత్తుకున్నారు. నేగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకడు బ్రేకులు చెక్ చేయించుకోని లారీ డ్రైవరు. ఒక పిల్లవాడు అడ్డం వస్తే అతను జీవితాంతం కుమిలిపోతాడు. అదే నిర్లక్ష్యం చేసిన ఇంకొకడికి ఎవరూ అడ్డం రాకపోతే, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాడు. ఇద్దరూ చేసింది ఒకటే. కానీ మనం ఇద్దర్నీ ఒకేలా చూడం, చూడలేం కూడా. అదృష్టానికి నీతితో సంబంధం ఉండకూడదు అంటాం, కానీ తీర్పులు మాత్రం దాన్ని బట్టే ఇస్తాం.

చాలా కాలం నేను నేగెల్ వైపే ఉన్నాను. మనుషులు నిజంగా ఎలా ఉంటారో అతను చెప్పాడనిపించేది. ఇప్పుడు ఒక తేడా చూస్తున్నాను. ప్రమాదం జరిగినవాడికి క్లిఫర్డ్ అవసరం లేదు, ఆ ప్రమాదమే అతనికి అన్నీ చెప్తుంది. క్లిఫర్డ్ కావలసింది నాలాంటి వాళ్ళకి, ఇంటికెళ్ళి అన్నం తిన్నవాళ్ళకి. ఎందుకంటే ఏమీ కాకపోవడం ఊరికే పోదు, మరుసటి రోజుకి అదే సాక్ష్యం అవుతుంది. మా ఆఫీసులో ఇది రోజూ చూస్తాను. ఒక టెస్టు అప్పుడప్పుడూ ఫెయిలవుతుంది, మళ్ళీ రన్ చేస్తే పాసవుతుంది. నాలుగోసారికి అది బగ్ కాదు, దాని స్వభావం అయిపోతుంది.

1986 జనవరిలో కూలిపోయిన ఛాలెంజర్ కథా ఇదే. రాకెట్ బూస్టర్ల కీళ్ళలో ఉండే రబ్బరు రింగులు అంతకుముందు ప్రయాణాల్లోనే కాలినట్టు తెలుసు. కానీ ఆ ప్రయాణాలన్నీ క్షేమంగా ముగిశాయి. ముందురోజు రాత్రి ఇంజనీర్లు చలి ఎక్కువగా ఉంది, ఆపమన్నారు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఏడుగురు పోయారు. తర్వాత విచారణలో ఫైన్మన్ ఆ రబ్బరు ముక్కని బిగించి ఐసు నీళ్ళలో ముంచి తీశాడు. అది నొక్కినచోట నొక్కినట్టే ఉంది, వెంటనే పైకి లేవలేదు. చల్లబడ్డ రబ్బరు తిరిగి తన చోటికి రాలేదు. మా మేస్త్రి గన్‌లో స్ప్రింగుదీ అదే జబ్బు.

సోమవారం పొద్దున్నే మేస్త్రి తన హెల్పర్‌ని రాణీగంజ్ పంపించాడు. స్ప్రింగు వచ్చేసరికి పన్నెండు దాటింది. మార్చడానికి మాత్రం ఇరవై నిమిషాలే పట్టింది. మెషీన్ ఆపి, ప్రెషర్ తగ్గించి, గన్‌ని బకెట్లోకి పెట్టి మిగిలిన రంగు వదిలేశాడు. ప్రైమ్ వాల్వ్ తిప్పి, ట్రిగ్గర్‌కి లాక్ వేశాడు. టిప్ తీసేశాక లాక్ వదిలి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ముందున్న సీటు విప్పాడు. ఉమ్మడానికి సీటు అరిగినా, నీడిల్‌కి చెత్త పట్టినా కారణం కావచ్చట, అందుకని ముందు అవి చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు వెనక మూత తిప్పి స్ప్రింగు తీశాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాడు. పాతది రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది. అంతే తేడా. విరగలేదు, తుప్పు పట్టలేదు. వేలసార్లు నొక్కించుకుని, ఇక పూర్తిగా సాగలేకపోయింది.

ఇక్కడ ఒక వాదన ఉంది, నేనే నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. ఓడ కథలో ప్రయాణికులకి ఏమీ తెలియదు. మేస్త్రికి నాకంటే బాగా తెలుసు, తెలిసే ఒప్పుకున్నాడు. మరి నా తప్పేముంది?

అతని పని చదరపు అడుగుల లెక్క. ఒక పూట ఆగితే ఆ పూట అతనికి సున్నా, హెల్పర్‌కి కూలి మాత్రం ఇవ్వాలి. అయినా ఆపుదామా అని అడిగాడు. అడగడానికే అతనికి ఖర్చవుతుంది. కాదనడానికి నాకు ఏమీ ఖర్చు కాలేదు. ఆగితే నాకు పోయేది కొంచెం హడావుడి, అంతే. గురువారానికి పని ఎలాగూ అయింది, అదీ మంగళవారం రాత్రికే. ఆగడం భారం ఒకరిది, ఆపొద్దనే అధికారం ఇంకొకరిది అయినప్పుడు, ఒప్పుకున్నాడు కదా అనేమాటకి పెద్ద అర్థం ఉండదు.

లెక్క చూసుకున్నరోజు అతను రాసుకొచ్చిన కాగితంలో స్ప్రింగు ధర లేదు. గన్ తనది కాబట్టి అది తన ఖర్చేనట. సోమవారం పోయిన పూట కూడా లేదు. నేను రెండూ కలిపి ఇచ్చాను. అతను నోట్లు లెక్కపెట్టుకుని, ఎక్కువున్నాయన్నాడు.

"సోమవారం ఆగిన పూటకి అన్నా."

అతను నవ్వి ఆ నోట్లు వెనక్కి చాపాడు. "ఆగినదానికి కూలేటి సార్. ఆ పూట పని జరగనేదు కదా."

తీసుకోమని బతిమాలితే, చివరికి హెల్పర్ జేబులో పెట్టాడు. ఆదివారం సాయంత్రం గురించి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.