చీటీలో లేని పేరు

మా నాయుడుపేటలో సముద్రం కనపడదు. ఎండు రొయ్యల బుట్టలు బజారుకి దిగినప్పుడు వాసన మాత్రం వస్తుంది. సూళ్లూరుపేట బస్సెక్కితే దారిలో నేలపట్టు, ఆ తర్వాత పులికాట్.

నేలపట్టు చెరువులో చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటి రెట్ట నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లు పొలానికి బలం. అందుకే ఊరివాళ్లు పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు. ప్రకృతిని ప్రేమించమని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

పులికాట్ దగ్గర లెక్క ఇంత తేలిక కాదు. 1976లో ఆంధ్ర వైపు సరస్సుని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో ఫ్లెమింగోలొస్తాయి, మనం పండగ చేసుకుంటాం, ఫోటోలు తీసుకుంటాం. అవే నీళ్ల మీద వల వేసి బతికేవాళ్లు ఆ ఫోటోల్లో పడరు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతే ఆ సంగతి ముందు తెలిసేది మాత్రం వాళ్ల వలకే. మరి ఆ నీళ్ల మీద నియమం పెట్టే హక్కు ఎవరిది?

అందరి సొత్తుని ఎవరికి వాళ్లు దోచుకుని పాడు చేస్తారని 1968లో గారెట్ హార్డిన్ రాశాడు. పులికాట్ దక్షిణపు కొసలో, తమిళనాడు కుప్పాల్లో, 'పాడు' అంటే చెడిపోవడం కాదు, వల వేసే చోటు. మంచి చోటు ఎప్పుడూ ఒకడికే దక్కకుండా చీటీలు వేసి వంతులు పంచుకుంటారు. పెద్దల కట్టుబాటే అక్కడ చట్టం. నియమానికి కట్టుబడాల్సినవాళ్లకి దాన్ని మార్చే వీలు కూడా ఉంటేనే అది నిలుస్తుందని ఎలినోర్ ఆస్ట్రమ్ చెప్పింది కూడా ఇలాంటి చోట్లు చూసే. 2009లో ఆమెకి నోబెల్ వచ్చింది.

ఇక్కడితో ఆగితే హాయిగానే ఉంటుంది. కానీ ఆ చీటీల్లో ఎవరి పేర్లున్నాయి? ఒక కులంలోని మగవాళ్లవి. చేత్తో తడిమి రొయ్యలేరుకునే గిరిజనుడి పేరు లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడమనిషి పేరూ లేదు. రేపు సర్కారు 'సమాజంతో కలిసి నిర్వహిస్తాం' అని వచ్చి పెద్దలతో కూర్చుని సంతకం పెట్టించుకుంటే, ఆమెని బయట నిలబెట్టిన గుమ్మానికి రాజముద్ర కూడా పడుతుంది.

అలాగని పెత్తనమంతా ఆఫీసుకే వదిలెయ్యమా? అదీ కాదు. ఆఫీసు తప్పు చేస్తే ఆఫీసు పస్తుండదు. నష్టపోయేవాడికి మాట ఉండాలనేదే న్యాయమైతే, ఆ న్యాయం కుప్పం పొలిమేర దగ్గర ఆగిపోకూడదు. ఎవరి పొయ్యి ఆ నీళ్ల మీద ఆధారపడిందో వాళ్లందరికీ మాట ఉండాలి. పెద్దలకి ఇది నచ్చదు. ఆఫీసర్లకీ నచ్చదు, మీటింగులో కుర్చీలు పెరుగుతాయి కదా.

బజార్లో రొయ్యలు బేరమాడేటప్పుడు ఎదురుగా కూర్చునేది ఆమే. ధర ఆమెనే అడుగుతాం. సరస్సు గురించి మాత్రం ఆమెని ఇంతవరకూ ఏమీ అడగలేదు.