అవ్వల ఋణం

గతించిన పెద్దలను స్మరించేటప్పుడు వారి గుణాలనే చెప్పుకోవాలి, దోషాలను మరుగుపరచాలి అన్నది లోకమర్యాద. ఆ మర్యాద మంచిదే. కాని మనలను పెంచిన చేతులలో ఒక పొరపాటును చూచి కూడా చూడనట్లుండడం భక్తి అనిపించుకుంటుందా? ఈ ప్రశ్న నన్ను చిరకాలంగా వెంటాడుతున్నది. దానికి కారణం నా ఇద్దరు అవ్వలు.

మా అమ్మమ్మది తాండూరు, నాయనమ్మది వికారాబాదు. నా బాల్యంలో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో అది తెలుగు రాష్ట్రంలో చేరింది. 2016 నుండి రెండు ఊళ్లూ ఒకే వికారాబాదు జిల్లాలో ఉన్నవి. రెంటికీ నడుమ రైలులో పోతే ఎంతో దూరం లేదు. అయినా అమ్మమ్మ పూజలో కన్నడం వినిపించేది. నాయనమ్మ ఇంట అంతా తెలుగే.

అమ్మమ్మ తెల్లవారకముందే స్నానం చేసి, విభూతి ధరించి, ఇష్టలింగాన్ని ఎడమ అరచేత నిలుపుకొని పూజించేది. పూజ కానిదే మంచినీరైనా ముట్టేది కాదు. ఇంటికి వచ్చిన జంగమునకు జొన్నరొట్టె, కందిపప్పు పెట్టిన తరువాతనే తాను తినేది. రాత్రివేళ నాపబండల అరుగుమీద మమ్ములను కూర్చుండబెట్టుకొని శరణుల కథలు చెప్పేది. వాటిలో హరళయ్య కథ నాకు ప్రాణం. చెప్పులు కుట్టే హరళయ్య "శరణు" అంటే బసవన్న "శరణు శరణార్థి" అని రెండింతలుగా బదులిచ్చాడట. ఆ అధిక వందనం తనకు ఋణమైనదని, దానిని తీర్చడానికి హరళయ్య దంపతులు తమ తొడల చర్మంతో చెప్పులు కుట్టి తెచ్చారట. ఈ ఘట్టం వచ్చినప్పుడెల్లా అమ్మమ్మ కంఠం గద్గదమయ్యేది.

గనులనుండి నాపరాళ్లు మోసుకొచ్చే బండ్లవారు ఎండవేళ మా వాకిట ఆగేవారు. అమ్మమ్మ వారికీ కడుపునిండా రొట్టెలు పెట్టేది. కాని నీళ్లు మాత్రం చెంబుతో ఎత్తునుండి వారి దోసిళ్లలో పోసేది. చెంబు వారి చేతికి తగలరాదు. నాకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఒకనాడు అడిగాను:

"అవ్వా, హరళయ్యకు బసవన్న గిట్లనే మీదికెల్లి నీళ్లు పోసిండా?"

అమ్మమ్మ చాలసేపు మాటాడలేదు. తరువాత, "మా అత్త గిట్లనే పోస్తుండె బిడ్డా" అన్నది. ఆ రాత్రి కథ చెప్పలేదు. మరునాడు బండ్లు వచ్చినప్పుడు నీళ్లు మళ్లీ ఎత్తునుండే పోసింది.

వికారాబాదు నాయనమ్మకు కథలు రావు. అనంతగిరి కొండల దిగువన ఉన్న చేనే ఆమె లోకం. కూలికి వచ్చిన స్త్రీలతో ఒకే వరుసలో కూర్చుండి తినేది. తన చెంబు వారికి చేతికిచ్చేది. అంతటి ఉదారురాలి ఇంట కోడండ్రు మాత్రం మగవారందరూ తిన్న తరువాత మిగిలినదే తినాలి. వారిలో మా అమ్మ కూడా ఒకతె. ఎవరైనా ఇదేమని అంటే, "మా కాలంల గిట్లనే ఉండె" అనేది.

ఇద్దరి సమాధానమూ ఒక్కటే. పెద్దలనుండి భక్తి ఏ చేతులమీదుగా వచ్చినదో భేదమూ ఆ చేతులమీదుగానే వచ్చినది. మరి ఒకదానిని తీసుకొని రెండవదానిని విడిచిపెట్టే అధికారం మనకున్నదా?

ఉన్నదనే శరణుల జీవితాలు చెబుతున్నవి. ఉపనయనం తనకేల, అక్క నాగమ్మకు లేదేల అని బాలుడైన బసవన్న ఇంటి పెద్దలనే అడిగినట్లు సంప్రదాయ కథనం. ఆయ్దక్కి మారయ్య అవసరానికి మించి బియ్యం ఏరుకొని వస్తే, వాటిని తిరిగి అక్కడే పోసి రమ్మన్నది భార్య లక్కమ్మ. వీరిలో ఎవరూ తమవారిని ద్వేషించలేదు. తనవారి తప్పును తనవారితోనే చెప్పడం శరణమార్గంలో అవిధేయత కాదు. అది కూడా ఒక సేవయే.

ఇంకొక మాట. హరళయ్య కథ వినకపోయి ఉంటే, ఎత్తునుండి పోసే నీళ్లలో నాకు ఏ దోషమూ కనిపించేది కాదు. అమ్మమ్మను తూచిన తక్కెడ అమ్మమ్మ ఇచ్చినదే. కనుక ఆమె తప్పును నేను గుర్తించడం ఆమెకు ద్రోహం కాదు. ఆమె చెప్పిన కథను ఆమెకంటె ఒక అడుగు ముందుకు తీసుకుపోవడమే.

అయితే ఈ తక్కెడ మన చేతిలోనే ఆగిపోదు. మా ఇంట పాత్రలు తోమే ఆమెకు ఒక గ్లాసు వేరుగా, కిటికీ దగ్గర ఉండేది. అది ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నేనెన్నడూ ఆలోచించలేదు. మొన్న నా మనుమరాలు, "తాతా, అది అక్కడెందుకు?" అని అడిగింది. మా అమ్మమ్మ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ గ్లాసు ఇప్పుడు మిగిలినవాటితోనే ఉన్నది. కాని ఆమె ఇప్పటికీ వెదకి వెదకి దానినే తీసుకుంటున్నది. ఏండ్ల తరబడి మనం నేర్పినది ఒక్క పూటలో మరచిపొమ్మంటే ఎట్లా?

మన అవ్వల ఋణం వారి గుణాలను పొగడినంతమాత్రాన తీరదు. వారు చెప్పి, చేయలేకపోయినదానిని మనం చేసినప్పుడే కొంతైనా తీరుతుంది. బసవన్న రెండింతలుగా పలికిన ఆ వందనాన్ని మన వాకిట నిలిచినవారికి చెప్పగలిగిననాడు, ఆ ఇద్దరు అవ్వలకూ అది చెందుతుందని నా విశ్వాసం.

శరణు శరణార్థి.