సంజాయిషీ కాదు, సంభాషణ

మనిషి తన మనసులో మాట ఇంకొకరితో ఎందుకు చెప్పుకుంటాడు? సాయం కోసమే అయితే, సాయం దొరకదని తెలిసిన చోట నోరు మూసుకోవాలి. కాని ఎవరూ అట్లా మూసుకోరు.

మా బీబీపేట వైపు ఊళ్ళల్లో బీడీలు చేసే ఆడవాళ్ళను చూడండి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఒళ్ళో చాట, అందులో తునికాకు, తంబాకు, దారం. ఎవరింట్లో వాళ్ళు కూచుని చేసినా కూలి అంతే. అయినా నలుగురూ ఒక అరుగు మీదికి చేరతారు. కొడుకు దుబాయి నుంచి పైసలు పంపలేదని పద్మశాలి అక్క చెప్తుంది. జహేజ్ దగ్గర బిడ్డ సంబంధం తప్పిపోయిందని పక్కనున్న ఆపా చెప్తుంది. ఒకరి కష్టం ఇంకొకరు తీర్చలేరు. కాని "నా గతీ అంతే అక్కా" అన్న ఒక్క మాటతో గుండె మీది బరువు కొంత దిగుతుంది. ఆ మాట కోసమే అరుగు మీదికి రావడం.

పెద్ద కవుల సంగతీ ఇంతే. 1857 తిరుగుబాటు అణిచివేత తర్వాత ఢిల్లీలో గాలిబ్ దాదాపు ఒంటరివాడయ్యాడు. స్నేహితుల్లో కొందరు చచ్చిపోయారు, కొందరు చెల్లాచెదురయ్యారు. ఉత్తరాలే ఆయనకు తోడయ్యాయి. బిరుదులు, లాంఛనాలు పక్కనబెట్టి, మనిషి ఎదురుగా కూచున్నట్టే రాశాడు. 1868లో 'ఊదె హిందీ' పేరుతో అచ్చయిన ఆ ఉత్తరాలు ఉర్దూ వచనానికే కొత్త దారి వేశాయి.

మా పాత జిల్లా కేంద్రం నిజామాబాద్ జైల్లో 1948లో దాశరథి కృష్ణమాచార్య గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఆ గోడను చదివేది ఎవరు? వట్టికోట ఆళ్వారుస్వామి వంటి తోటి ఖైదీలు, లేదా కాపలావాళ్ళు. అయినా రాశారు. తర్వాత ఆ దాశరథే గాలిబ్‌ను తెలుగు చేశారు. నిజాంను ఎదిరించిన మనిషి ఉర్దూను పరాయిది అనుకోలేదు.

ఇంతవరకు అందరి కథా ఒకటే. మైనారిటీకి ఇంకో చిక్కుంది.

నా ఇంటి భాష ఉర్దూ, నాకు అన్నం పెట్టే భాష తెలుగు. ఉర్దూలో రాస్తే చదివేవాళ్ళలో చాలామందికి నా తక్లీఫ్ ముందే తెలుసు. పక్కింటివాడికి తెలియాలంటే తెలుగులోనే చెప్పాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం తెలుగులో వచ్చాయి. ఈ రెంటికీ నడుమ 1992 డిసెంబర్ 6 ఉంది. మసీదు కూలిన దేశంలో ఆ కవులు పక్కింటి తలుపు తట్టారని నేననుకుంటాను. ఇంకా ఆశ ఉన్నవాడే తలుపు తడతాడు.

తలుపు తీసినవాడు ఏం చేయాలి? చెప్పుకోవడం వేరు, సంజాయిషీ ఇవ్వడం వేరు. ఎక్కడ బాంబు పేలినా "మీవాళ్ళేమంటున్నారు?" అంటూ నా కుర్చీ వైపు తిరిగే సహోద్యోగులు నాకుండేవారు. చెడ్డవాళ్ళు కాదు, ఈద్‌కు మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాళ్ళే. కాని ఖండిస్తేనే నేను మంచి ముస్లింను, ఊరుకుంటే అనుమానం. చనిపోయినవాళ్ళ కోసం నా గుండె కూడా కలుక్కుమంటుందని చెప్పుకునే జాగా ఆ ప్రశ్నలో లేదు. జవాబు ముందే రాసిపెట్టుకుని అడిగే ప్రశ్న అది.

నాతో విభేదించొద్దని కాదు. బీడీల అరుగు మీదా కొట్లాటలుంటాయి. అయితే కష్టం చెప్పబోయే మనిషిని "ముందు నువ్వు ఎవరి తరఫో చెప్పు" అని అక్కడ ఎవరూ నిలదీయరు.

ఇదే షరతు మన ఇళ్ళల్లోనూ ఉందని మరవద్దు. ఉర్దూ రాని దూదేకుల సోదరుణ్ణి సగం ముస్లింగా చూసేవాళ్ళున్నారు. తలాక్ వల్ల పడ్డ బాధ చెప్పబోయిన ఆపాను "ఇంటిగుట్టు బజార్ల పెట్టకు" అని ఆపేవాళ్ళున్నారు. బయటివాళ్ళను వినమని అడిగే హక్కు కావాలంటే లోపలి గొంతులను ముందు విననివ్వాలి.

మా ఊరి పేరులో బీబీ ఉర్దూ మాట, పేట తెలుగు మాట. రెండూ కలిస్తేనే మా ఊరు. సెక్యులర్ మిత్రులను నేనడిగేది చిన్నది. ముందు వినండి, తర్వాత కాదనండి. మీ మాట వినడానికి నేనూ కూచునే ఉన్నాను.