రాహులుని చెంబు, మన మందు క్యాను



పోయిన వర్షావాసంలో ఒక పున్నమి నాడు మంచిర్యాల దిక్కు ఒక ఊరికి వందనకు పోయిన. త్రిశరణ పంచశీలలు అయినయి. పిల్లలకు అటుకులు పెట్టిన్రు. తాగనీకి మూలకు ఒక తెల్ల ప్లాస్టిక్ క్యాను, పక్కన స్టీలు గ్లాసు. దూపయి వంపుకుందామని క్యాను లేపితే దాని మీద సగం గీకేసిన కాగితం కనబడ్డది. ఆ కాగితం మీద ఎర్ర త్రికోణం. పత్తికి కొట్టే పురుగుమందు క్యాను అది. నాకంటే ముందు పిల్లలంతా దాంట్లయే తాగిన్రు.

"ఇదేంది తమ్మీ?" అంటే, "కడిగినం అన్నా, సర్ఫేసి మూడుసార్లు కడిగినం" అన్నడు. అబద్ధం కాదు, నిజంగనే కడిగిన్రు. కానీ ప్లాస్టిక్ ఆ మందును కొంత లోపలికి పీల్చుకుంటది. అది సర్ఫుకు పోదు.

ఆ తమ్ముణ్ని తిట్టే హక్కు నాకు లేదు. నేనూ అట్లాంటి డబ్బాల నీళ్లు తాగి పెరిగినోన్నే. మా నాయిన దొర చేన్ల కూలికి మందు కొట్టేటోడు. సాయంత్రం ఖాళీ డబ్బా ఇంటికి తెస్తే అమ్మకు సంబురం, గట్టి డబ్బా పైసలు లేకుండ దొరికిందని. బూడిదతో తోమి, చేనుకు నీళ్లు దాంట్లనే మోసేది. విషమని ఎవ్వరూ చెప్పలేదు. డబ్బా మీద రాసి ఉన్నా, చదివే చదువు ఆమెకు ఎవరిచ్చిన్రు?

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన్రు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఈ పేరు మనకు కొత్తదా? ఆదిలాబాద్ నల్లరేగళ్లలో, జమ్మికుంట దిక్కు పత్తి చేన్లలో దాన్ని ఏండ్ల తరబడి నీళ్లలెక్క కొట్టినం. ఆ 23 మంది దాన్ని చేన్ల ముట్టుకోలేదు, అన్నంల తిన్నరు.

ఇది వ్యవసాయశాఖ మాట, దీనికీ ధమ్మానికీ ఏం సంబంధం అని కొందరు అనుకోవచ్చు. సంబంధం ఉంది. మన పోరాటాల్లో ముందువరుసలో నిలిచేది నీళ్ల పోరాటమే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగిండు. మనం ముట్టుకున్న ఆ చెరువును అగ్రకులాలోళ్లు 108 కుండలతో, పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి శుద్ధి చేసిన్రు. మనిషి చెయ్యి తగిలితే మైలపడ్డ నీళ్లు, మందు పంపు కడిగితే మైలపడవా? నేడు ఏ ఊరి కుంటకన్నా ఆ శుద్ధి చేసేటోడు ఉన్నడా? లేడు. సరే, వాళ్ల సంగతి వదిలేద్దాం. ఇప్పుడు ఆ పంపు ఎవరి భుజాన ఉన్నదో చూసుకోవాలె. ఎక్కువ ఊర్లల్ల అది మన భుజాన్నే ఉన్నది, మన కూలి చేతుల్లోనే ఉన్నది.

అందుకే రాహులుని ముచ్చట చెప్తున్న. అప్పటికి రాహులునికి ఏడేండ్లని అట్టకథలు చెబుతాయి. బుద్ధుడు కాళ్లు కడుక్కోవడానికి రాహులుడు నీళ్లు తెచ్చిండు. కాళ్లు కడుక్కున్నంక బుద్ధుడు చెంబులో కొంచెం నీళ్లు మిగిల్చి, వాటిని చూపించి అబద్ధం గురించి చెప్పిండు. తర్వాత ఆ నీళ్లు పారబోసి, చెంబును బోర్లించి మళ్లీ చెప్పిండు. ఆ తర్వాత అద్దం సంగతి ఎత్తి, అద్దంలో మొఖం చూసుకున్నట్టే నీ పనిని చూసుకోమన్నడు. పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసినంక, ఇది నాకు కీడా, ఇతరులకు కీడా, ఇద్దరికీ కీడా అని మూడుసార్లు అడుగుకోమన్నడు. కీడు జరిగిపోయి ఉంటే దాచకుండ చెప్పి, మళ్లీ చెయ్యకుండ జాగ్రత్తపడమన్నడు. అశోకుడు తన బైరాట్ శాసనంలో భిక్షువులు, ఉపాసకులు తరచుగా వినాలని చెప్పిన వాటిల్ల ఈ బోధ ఒకటి.

ఈ అద్దాన్ని మందు పంపు ముందు పెట్టి చూద్దాం.

కొట్టే ముందు. డబ్బా మీద కింది త్రికోణం రంగు చూడాలె. ఎరుపు అన్నిటికన్నా ఘోరం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు, తక్కువ విషమని మాత్రమే. చదువు రాని అవ్వ కూడా రంగు గుర్తుపడతది, కాబట్టి ఇంట్లో అందరికీ చెప్పండి. పురుగు నిజంగ ఉన్నదా, లేక దుకాణపాయన చెప్పిండని కొడుతున్నమా? బుద్ధుడు ఉపాసకులు చెయ్యరాదన్న అయిదు వ్యాపారాల్లో విషం ఒకటి. ఇది రాయడం నాకూ ఇబ్బందే. నా మేనల్లుడు అట్లాంటి దుకాణంలోనే లెక్కలు రాస్తడు, వాని ఇల్లు దానితోనే గడుస్తది. వాణ్ని మానెయ్యమనలేదు. ఎర్ర డబ్బా కొనేటోనికి పిల్లలున్నరా అని ఒక మాట అడుగుమన్న.

కొట్టేటప్పుడు. గాలికి ఎదురుగా కొట్టొద్దని అందరికీ తెలుసు, అయినా కొడతరు. 2017లో మన పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా కూలీలు, రైతులు చచ్చిపోయిన్రు. వందల మంది దవాఖానలో పడ్డరు. పెద్దోళ్ల సంగతే అది. పిల్ల తక్కువ బరువు ఉంటది, అదే చుక్క మందు పిల్లకు ఎక్కువైతది. నాడులను పట్టే మందు ఇంకా ఎదుగుతున్న నాడుల మీద పడుతది. మందు కలిపే కాడికి నీళ్లందించనీకి పిల్లల్ని తీస్కపోకండి. నాలుగు చుక్కలే కదా అని బిందెల కలపకండి. పొరపాటున పిల్ల తాగితే కక్కించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. 108కు ఫోన్ చేసి, ఆ డబ్బా కూడా దవాఖానకు పట్టుకపోండి. ఏ మందో తెలిస్తే డాక్టర్ దానికి తగ్గ వైద్యం చేస్తడు.

కొట్టినంక. ఇక్కడే మనం ఎక్కువ తప్పుతున్నం. పంపును వాగుల, కుంటల, చేద బాయి గడ్డ మీద కడుగుతం. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెడతం. క్యాను ఇంట్లకు వస్తది.

ఇంకొకటి కంటికి కనబడనిది, యూరియా. పంట తాగంగ మిగిలింది వాననీళ్లతో భూమిలకు దిగి నైట్రేటుగా బోరు నీళ్లల్ల చేరుతది. తాగే నీళ్లల్ల లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు దాటొద్దని మన ప్రమాణం. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో నాలుగింట ఒక వంతుకు పైగా ఆ హద్దు దాటినయి. ఆరు నెలల్లోపు పసిగుడ్డుకు ఆ నీళ్లతో డబ్బా పాలు కలిపితే, రక్తం ప్రాణవాయువును మోయలేక పెదవులు, గోర్లు నీలపడవచ్చు. "మరగబెట్టినం కదా" అనొద్దు. మరగబెడితే నీళ్లు తగ్గుతయి, నైట్రేటు తగ్గదు, ఇంకా చిక్కబడతది. పసిపిల్లకు ఆరు నెలలు తల్లిపాలే. తప్పనిసరైతే చేను బోరు నీళ్లు కాదు, భగీరథ నల్లా నీళ్లు పట్టండి.

భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి. నీళ్లల్లోని చిన్న పురుగు చావొద్దని. వర్షావాసం పెట్టిందీ అందుకే. వానకాలంలో తిరిగితే మొలకలు, చిన్న ప్రాణులు కాళ్ల కింద నలుగుతయని మూడు నెలలు ఒక్కచోట ఉండమన్నడు. సరిగ్గ ఆ మూడు నెలల్లోనే మనం పత్తికి ఎక్కువ మందు కొడుతున్నం. ఆ పున్నమి నాడు క్యాను చేత పట్టుకొని నాకు ఇదే మతికొచ్చింది.

మీరు అడుగుతరు. అప్పు తెచ్చి, కౌలుకు పట్టి పత్తి పెట్టినోనికి అహింస చెప్పుడు సులువే, రేపు పంట పోతే ఎవరిస్తరు? న్యాయమైన మాట. నా దగ్గర పూర్తి జవాబు లేదు, కానీ పునుకుల ఉన్నది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని ఆ పత్తి ఊరు కూడా మందుల అప్పుల్లో మునిగినదే. వేపగింజల కషాయం, మిరప–వెల్లుల్లి రసం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో మెల్లమెల్లగ మందులు మానుకుంటూ వచ్చి, 2004లో పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నది. ఒక్క రైతు ఒక్క ఎకరంలో మానితే పక్క చేనుది ఎగిరొచ్చి పడుతది. అక్కడ ఊరంతా కలిసి మానిన్రు. మనకు సంఘం శరణం గచ్ఛామి అనేది రోజూ నోట్లో ఉన్నది. చేన్ల కూడా ఉంటే ఎట్లుంటదో ఈసారి ఒక పది ఇండ్లు కలిసి, ఇంటికి అరెకరం చొప్పున చూస్తే తప్పేంది?

ఆనాడు క్యాను నీళ్లు పారబోసినంక ఒక అవ్వ అడిగింది, "బిడ్డా, మరి చేనుకు నీళ్లు దేంట్ల మోయాలె?" నేను ఏం చెప్పాల్నా అని ఆలోచించేలోపు ఆమెనే, "మా కాలంల సొరకాయ బుర్ర ఉండె" అన్నది. బుర్రలు ఇప్పుడు దొరుకుడు కష్టం. చందాలేసి విహారానికి ఒక స్టీలు డ్రమ్ము కొన్నరు. చేనుకు నీళ్ల సీసాలు కొనుక్కున్నరు.

మళ్లీ పున్నమికి నేను పోయేసరికి ఇండ్లల్ల నుంచి పదకొండు క్యాన్లు తెచ్చి పెట్టిన్రు. పన్నెండోది నేను తీస్కపోయిన. మా ఇంటి వెనుక, చెట్లకు నీళ్లు పోసేదని ఏండ్లుగా ఉంచుకున్నదే. మా చిన్నబిడ్డ దానితో ఆడుకునేది, ఆ సంగతి అందరి ముందు చెప్పిన. అన్నిటికీ పొక్కలు కొట్టి, బాయికి, వాగుకు దూరంగ చెలక గట్టున లోతుగ పాతిపెట్టినం.

నమో బుద్ధాయ! జై భీమ్!