తండ్రులు త్రవ్వించిన బావులు



యూదులు మోషే ధర్మశాస్త్రమును 54 భాగములుగా విభజించి, విశ్రాంతి దినములలో చదువుచు ఏడాదికి ముగింతురు. ఆదికాండము 25:19 మొదలు 28:9 వరకు గల భాగమునకు తోల్దోత్, అనగా వంశావళి, అని పేరు. ఇస్సాకు బావుల వృత్తాంతము ఇందులోనిదే.

అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిరి. ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టెను. గెరారు లోయలో క్రొత్త బావి త్రవ్వగా అచ్చటి కాపరులు జగడమాడిరి. దానికి ఏశెకు అని పేరు. రెండవదాని కొరకును జగడమే, అది శిత్నా. అతడు అక్కడనుండి వెళ్లి మరియొకటి త్రవ్వించెను. దాని కొరకు జగడము లేదు, అది రహెబోతు. 13వ శతాబ్దపు యూదా పండితుడు నహ్మానీదు ఈ మూడు బావులలో మూడు దేవాలయములను చూచెను: కూలినవి రెండు, రానున్నది ఒకటి.

నీళ్ల కొరకైన జగడము ఎంత చేదో పల్లెవారమైన మనమెరుగుదుము. సంఘములోను పెద్దరికము కొరకు జగడములు పుట్టును. అప్పుడు కొందరు పంతము పట్టుదురు. కొందరు అలిగి ఆరాధనే మానుదురు. ఇస్సాకు బావిని విడిచెను గాని త్రవ్వుట మానలేదు. తుదకు అతనిని పంపివేసిన అబీమెలెకే సమాధానము కోరి వచ్చెను. వారు ప్రమాణము చేసికొనిన దినముననే, నీళ్లు కనబడినవని దాసులు వచ్చి చెప్పిరి.

మన తండ్రుల విశ్వాసమును పూడ్చిన మన్నును మనమే తీసివేయుటకు ప్రభువు మనకు ఓర్పును బలమును దయచేయును గాక. ఆమేన్.