శ్రుతి మారితే నాదం మారుతుందా?

తంబురకు సాధారణంగా నాలుగు తీగలు. మొదటిది పంచమానికి, నడిమి రెండూ షడ్జానికి, చివరిది మంద్ర షడ్జానికి కలుపుతారు. పున్నాగవరాళి, నాదనామక్రియ వంటి రాగాలకు మధ్యమ శ్రుతి పడతారు. అప్పుడు పంచమం తీగ మధ్యమానికి దిగుతుంది, మధ్యమమే షడ్జమవుతుంది. ఆధారమే జరిగిపోతే నాదానికి నిలకడ ఎక్కడ?

13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో శార్ఙ్గదేవుడు నాదాన్ని ఆహతం, అనాహతం అని విడదీశాడు. మీటితే పుట్టేది ఆహతం, మీటకుండానే ఉండేది అనాహతం. బిరడాలు తిప్పి చేసే మార్పులన్నీ దానివే; అనాహతాన్ని అవి తాకలేవు. అయినా ఆహతం తక్కువది కాదు. లోకాన్ని రంజింపజేస్తూనే భవబంధాన్ని తెంచేది అదేనని ఆయన మాట. ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే.

ఇక శ్రుతిని నిర్ణయించేది ఎవరన్న ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో జవాబు. పెరూలోని కూస్కో ప్రాంతంలో చరంగో అనే చిన్న తీగవాద్యాన్ని ఊరికో తీరుగా శ్రుతి చేస్తారు. రాత్రి ఊట దగ్గర ఉంచితే జలకన్య వచ్చి శ్రుతి కలుపుతుందని అక్కడ నమ్మకం. అంటే వారికి శ్రుతి జలకన్య వరం.

మన దగ్గర, పూతలపట్టు వంటి చిత్తూరు జిల్లా ఊళ్లలో భజనకు ముందు పాడేవారి గొంతును బట్టే హార్మోనియం శ్రుతి నిర్ణయిస్తారు. ఈ స్వేచ్ఛ సరైనదే. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల్లో ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది, శ్రుతి మాత్రం రాయలేదు.